గొలుసు ఎక్కని కొండలు

హిందూపురానికి ఉత్తరాన ఉన్న పరిగిలో పెద్దచెరువు నిండిన సంవత్సరం దాని అంచు వెంట నడచి చూచేవారికి ఒక సంగతి కనబడుతుంది. నీటి అంచు ఎక్కడా తిన్నగా ఉండదు. పల్లం దొరికినచోట పొలాల్లోకి చొచ్చుకొని పోతుంది. మిట్ట ఎదురైతే వెనక్కు తగ్గుతుంది. ఎన్ని వంకరలు తిరిగినా ఆ అంచు మీది ప్రతి బిందువూ ఒకే ఎత్తున ఉన్నది. భూగోళశాస్త్ర పాఠంలో సమోన్నత రేఖ అని ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద గీసి చూపేది దీనినే. చెరువు ఆ రేఖను తనంతట తానే గీసింది. నీరు ఒక మీటరు తగ్గితే, ఆరుతున్న బురద మీద మరొక రేఖ ఏర్పడుతుంది. ఇంకొక మీటరు తగ్గితే ఇంకొకటి. చెరువు గర్భం లోతుపాతులన్నీ ఆ రేఖలు చదువగలవానికి బోధపడతాయి.

ఇట్లాంటి రేఖలనే చుట్టుప్రక్కల కొండలకు గీసి కాగితం మీదికి ఎక్కించడం అంత సులభంగా జరుగలేదు. ఒక కొండ శిఖరం భూమి మీద ఏ అక్షాంశాన, ఏ రేఖాంశాన ఉన్నదో మిక్కిలి సూక్ష్మంగా లెక్కకట్టిన తరువాత కూడ, ఆ కొండ ఆకారం ఏమిటో పటాలలో సరిగా కనబడడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. చిత్రమేమిటంటే, కొలిచేవాణ్ణి మొదట అడ్డుకొన్నవి ఈ కొండలే. తరువాత కొలతకు సాధనాలయినవీ ఈ కొండలే.

పరిగికి వాయవ్యాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో పావగడ, పడమట మడకశిర, ఈశాన్యాన పెనుకొండ ఉన్నవి. ఆల్ప్స్ వలెనో, హిమాలయాల వలెనో ఇవి మంచుకొండలు కావు. ఎత్తులోను వాటికి సరిరావు. దక్షిణాన ఉన్న నందిదుర్గం 1,478 మీటర్లు. ఈ సీమలోని తక్కిన కొండలు దానికన్న తక్కువే. కాని కొలిచేవాడి కష్టం ఎత్తును బట్టి మాత్రమే ఉండదు. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు ఇక్కడ నేలలోనుంచి నిట్టనిలువుగా పైకి లేచి ఉన్నది. ఎండకూ వానకూ రాతి పైపొరలు ఉల్లిపొరల వలె ఊడిపోగా మిగిలిన గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనబడతాయి. వాటి మధ్య సందులు, ముళ్ళపొదలు, జారుబండలు. పాళెగార్లు, రాజులు వీటిని దుర్గాలుగా ఎంచుకొన్నది శత్రువు ఎక్కలేడనే. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకొన్నదీ ఆ ధైర్యంతోనే. శత్రువు ఎక్కలేని చోటికి కొలత గొలుసు మాత్రం ఎట్లా ఎక్కుతుంది?

అయితే కొలతలు లేని కాలంలో ఈ సీమలో మట్టాలు తెలియవనుకోవడం పొరపాటు. పెనుకొండలో దొరికిన గాంగరాజుల తామ్రశాసనం ఒకటి క్రీ. శ. 5వ శతాబ్ది నాటిదిగా ఎంచబడుతున్నది. దానిలో పరువి అనే ఊరి పెద్ద చెరువు క్రింది మళ్ళను దానమిచ్చిన సంగతి ఉన్నది. ఆ పరువియే నేటి పరిగి అని చరిత్రకారులు గుర్తించారు. నందిదుర్గం దిక్కునుంచి ఉత్తరాభిముఖంగా వచ్చే పెన్నేరు, దేవరాయనదుర్గం వైపునుంచి వచ్చే జయమంగలి ఈ ప్రాంతంలోనే కలుస్తాయి. ఎక్కడ కట్ట వేస్తే నీరు నిలుస్తుందో, మరవ ఎక్కడ పెడితే కట్ట తెగకుండా ఉంటుందో, తూము ఎంత లోతున ఉంటే చివరి మడికి నీరు అందుతుందో ఆనాటివారు ఎరుగుదురు. పటం లేకుండానే ఎరుగుదురు. ఆ ఎరుక కాగితం మీద లేదు గనుక ఆ ఊరు దాటిపోలేదు.

కాగితం మీద మొదటి కొలత పన్నుకోసం వచ్చింది. టిప్పు సుల్తాను పతనానంతరం 1799లో తనకు దక్కిన భాగాన్ని నిజాము 1800లో కుంఫిణీవారికి అప్పగించాడు. దత్తమండలాలనే పేరు అట్లా వచ్చింది. పెనుకొండ సీమ దత్తమండలాలలోకి వచ్చింది. పావగడ మైసూరు రాజ్యంలో నిలిచిపోయింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పెనుకొండలో భూముల కొలత ప్రారంభించాడు. అప్పటికి ఆయన కచేరీలో భూమి కొలవడం తెలిసినవారు నలుగురే నలుగురు గుమాస్తాలు. వారివద్ద కుర్రవాళ్ళను చేర్చి పని నేర్పించగా మరుసటి సంవత్సరానికి కొలిచేవారి సంఖ్య నూరుకు చేరింది. వారి సాధనం 33 అడుగుల గొలుసు. నాలుగు ప్రక్కలా గొలుసంత ఉన్న చతురస్రం 1,089 చదరపు అడుగులు, అనగా ఒక గుంట. అట్లాంటివి 40 అయితే 43,560 చదరపు అడుగులు, అనగా ఒక ఎకరం. నలభై గుంటలు ఎకరమనే లెక్కను ఇప్పటికీ చాలామంది రైతులు నోటితో చెప్పగలరు.

సాగుభూమితో పాటు బీళ్ళు, అడవులు కూడ ఈ గొలుసు క్రిందికి వచ్చినవి. కొండలు, బండలు మాత్రం విడిచిపెట్టబడినవి. వాటిమీద పన్ను లేదు, గొలుసు ఆనదు. పన్నువేసే ప్రభుత్వ దృష్టిలో కొండ అంటే లెక్కలో ఖాళీగా వదలిన గడి.

అదే సంవత్సరం మదరాసు దగ్గర మరొక కొలత మొదలయింది. దానికి పన్నుతో పనిలేదు. దానికి కావలసినవి కొండలే.

విలియం లాంబ్టన్ యార్క్‌షైరుకు చెందినవాడు. సైన్యంలో చిన్న ఉద్యోగంతో అమెరికా వెళ్ళి, అక్కడి యుద్ధంలో బందీ అయి, తరువాత కెనడా సరిహద్దు భూములలో సర్వే పని చేస్తూ ఏకాంతంగా గణితశాస్త్రం చదువుకొన్నాడు. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో ఉన్నాడు. ఆ యుద్ధం ముగిసిన వెంటనే దక్షిణ భారతాన్ని ఒక తీరం నుంచి మరొక తీరం వరకు త్రిభుజాలతో కొలుస్తాననీ, ఆ త్రిభుజాలనుంచే భూగోళం ఆకారాన్ని కూడ నిర్ణయిస్తాననీ ప్రభుత్వానికి నివేదించుకొన్నాడు. అభ్యంతరాలు వచ్చినవి. ఎవరైనా శ్రీరంగపట్టణం పోదలచుకొంటే పల్లకీ బోయీలతో చెబితే చాలదా, దీనికింత ఖర్చెందుకని మదరాసులో ఒక ఆర్థికాధికారి ప్రశ్నించాడట. పటాలు గీయడంలో ప్రసిద్ధుడైన జేమ్స్ రెన్నెల్ కూడ ఇంగ్లండునుంచి సందేహం వెలిబుచ్చాడు. రాజజ్యోతిష్కుడు నెవిల్ మాస్కెలీన్ లాంబ్టన్ పక్షం వహించాడు. ఈ మాస్కెలీన్ పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది.

బోయీల మాట పరిహాసంగా తోచవచ్చు. కాని అడిగినవాని అజ్ఞానాన్ని కొలత త్వరలోనే బయటపెట్టింది. త్రిభుజాలు పడమటి తీరం చేరేసరికి మదరాసుకూ మంగుళూరుకూ మధ్య దూరం అంతవరకు పటాలలో ఉన్నట్లు 400 మైళ్ళు కాదు, సుమారు 360 మైళ్ళే అని తేలింది. నలభై మైళ్ళ నేల పటంలోనుంచి మాయమయింది.

త్రిభుజ పద్ధతిని ఉన్నత పాఠశాల విద్యార్థి మైదానంలోనే పరీక్షించవచ్చు. దూరాన ఒక గుండు ఉన్నది. దానివద్దకు పోకుండా దూరం తెలియాలి. మైదానంలో 1,000 మీటర్ల తిన్నని గీతను జాగ్రత్తగా కొలవాలి. ఇది ఆధార రేఖ. ఒక కొననుంచి చూస్తే గుండు ఆ గీతతో 80 డిగ్రీల కోణం చేసిందనీ, రెండవ కొననుంచి చూస్తే 85 డిగ్రీలు చేసిందనీ అనుకోవాలి. మూడవ కోణం 15 డిగ్రీలని వెంటనే తెలుస్తుంది. సైను పట్టిక చూచి లెక్కవేస్తే రెండవ కొననుంచి గుండు దూరం 3,805 మీటర్లని వస్తుంది. అక్కడినుంచి గుండు తల 3 డిగ్రీల ఎత్తున కనబడితే దాని ఎత్తు సుమారు 199 మీటర్లు. ఒక్క ముల్లు గుచ్చుకోకుండా కొండ కొలవబడింది! ఇక మీద ఆ కొత్త భుజమే ఆధార రేఖ. దానినుంచి ఇంకొక త్రిభుజం, దానినుంచి మరొకటి.

అయితే 80 డిగ్రీలను పొరపాటున 81 అని చదివితే? దూరం 4,083 మీటర్లని వస్తుంది. ఒక్క డిగ్రీకి 278 మీటర్ల తప్పు. ఆ తప్పు తరువాతి త్రిభుజానికి, అక్కడినుంచి ఆ పై త్రిభుజానికి వారసత్వంగా పోతుంది. కనుక లాంబ్టన్ పని అంతా రెండింటిమీద ఆధారపడింది. ఆధార రేఖ తప్పకూడదు, కోణం తప్పకూడదు.

మదరాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర 1802 ఏప్రిల్‌లో ఆధార రేఖ కొలత మొదలయింది. గొలుసు నూరడుగుల ఉక్కు గొలుసు. చైనా చక్రవర్తికి కానుకగా పంపిన వస్తువులలో ఒకటై, అక్కడ ఆదరణ లేక తిరిగివచ్చి, చివరకు లాంబ్టన్ చేతికి చిక్కింది. దానిని నేలమీద ఈడ్వలేదు. కొయ్య దోనెలలో పరచి, నీడ కల్పించి, ప్రక్కన ఉష్ణమాపకాలు ఉంచి, నాలుగు వందలసార్లు ముందుకు జరిపారు. ఏడున్నర మైళ్ళ గీతకు 57 రోజులు పట్టింది. ఉష్ణమాపకం ఎందుకు? పది సెంటీగ్రేడు డిగ్రీల వేడికి నూరడుగుల ఉక్కు అంగుళంలో ఏడోవంతు సాగుతుంది. అల్పమే. కాని నాలుగు వందలసార్లు ఆ అల్పం కలిస్తే దాదాపు ఐదడుగులవుతుంది.

కోణాలకోసం లండనులో కేరీ అనే నిర్మాత చేసిన మహా థియొడొలైటు వచ్చింది. దాని అడ్డచక్రం వ్యాసం మూడడుగులు, బరువు అర టన్ను. దానిని తెచ్చే ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ దీవికి తీసుకొనిపోయారు. యుద్ధంలో ఉన్న శత్రువులయినా, అది విజ్ఞాన సాధనమని తెలిసి అక్కడి గవర్నరు మర్యాదగా తిరిగి పంపించాడు. 1808లో తంజావూరులో మరొక గండం. చుట్టూ కొండలు లేని ఆ పల్లపు నేలలో గుడిగోపురం పైకి దీనిని ఎత్తుతుండగా మోకు తెగి యంత్రం గోపురానికి కొట్టుకొన్నది. చక్రం వంకరపోయింది. ఇంకెవరైనా లండనుకు వ్రాసి కొత్తది తెప్పించుకొనేవారేమో. లాంబ్టన్ తలుపులు బిగించుకొని ఆరువారాలు కూర్చుండి, చక్రాన్ని కొద్దికొద్దిగా లాగి సరిచేశాడు. ఆ తరువాత కూడ అది చాలాకాలం పనిచేసింది.

తంజావూరు అనుభవం వల్ల రాయలసీమ కొండల విలువ తెలుస్తుంది. ఎత్తును మీటర్లలో తీసుకొని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే చూపు ఎంతదూరం ఆనుతుందో కిలోమీటర్లలో వస్తుంది. చుట్టూ నేలకన్న 300 మీటర్లు లేచిన కొండమీదినుంచి 62 కిలోమీటర్లు. అంతే ఎత్తున్న మరొక కొండ తల 124 కిలోమీటర్ల వరకు కనబడవచ్చు. చెట్టుచేమ అడ్డంలేని నున్నని బండ తలలు, వాటి మధ్య సమమైన నేల. త్రిభుజాలు వేసేవానికి ఇంతకన్న ఏమి కావాలి? మన్రో గుమాస్తాల గొలుసుకు పనికిరాని బండలే థియొడొలైటుకు ఆసనాలయినవి. యంత్రాన్ని విడదీసి, మనుష్యుల భుజాలమీద శిఖరానికి మోయించేవారు. ఎదుటి కొండమీద జెండా పాతి, దానిని కాపలా కాయడానికి మనుష్యులను ఉంచేవారు. 62 కిలోమీటర్ల దూరంలో ఒక సెకండు కోణమంటే ఒక అడుగు. దుమ్ము, ఎండమావి ఉన్నప్పుడు అడుగు వెడల్పు జెండా ఎట్లా కనబడుతుంది? వానలు కురిసి గాలి కడిగినట్లున్న దినాలకోసం వేచి ఉండేవారు. జెండాలు మోసిన కలాసీల పేర్లు ఏ పటంలోను లేవు.

ఇంత పెద్ద త్రిభుజాలలో పాఠ్యపుస్తకంలోని సూత్రం కూడ కొద్దిగా సడలుతుంది. భూమి గుండ్రం గనుక త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలకన్న కొంచెం ఎక్కువ ఉంటుంది. ఒక్కొక్క భుజం 50 కిలోమీటర్లున్న త్రిభుజంలో ఆ హెచ్చు ఐదున్నర సెకండ్లు. ఎత్తుల లెక్కలోను అంతే. 50 కిలోమీటర్ల దూరాన భూమి వంపు 196 మీటర్లను మింగివేస్తుంది. గాలిలో కాంతి వంగడం వల్ల అందులో ఏడోవంతు వరకు తిరిగి వస్తుంది. వీటిని లెక్కలో చేర్చకపోతే దూరపు కొండ ఉన్నదానికన్న పొట్టిగా తేలుతుంది.

లాంబ్టన్ త్రిభుజాలలో ప్రధానమైనది దక్షిణోత్తరంగా, 78వ రేఖాంశానికి దగ్గరగా సాగిన వరుస. మహాచాపమని దానికి పేరు. కన్యాకుమారి దిక్కునుంచి బెంగుళూరు మీదుగా పావగడ కొండకు, అక్కడినుంచి గుత్తికి అది సాగింది. కొన్ని స్థానాలలో త్రిభుజాలతో పాటు నక్షత్రాలను కూడ పరిశీలించి అక్షాంశం నిర్ణయించేవారు. పావగడ అట్లాంటి నక్షత్ర స్థానాలలో ఒకటి. దీనికి కారణమైన చిక్కు బెంగుళూరు దగ్గర దొడ్డగుంట అనే చోట వచ్చింది. త్రిభుజాలు చెప్పిన దూరానికీ నక్షత్రాలు చెప్పిన అక్షాంశానికీ అక్కడ పొసగలేదు. కోణాలు మళ్ళీ చూచినా, లెక్కలు మళ్ళీ వేసినా తేడా పోలేదు. అప్పుడు లాంబ్టన్ అనుమానం యంత్రంమీదినుంచి భూమిమీదికి మళ్ళింది. నక్షత్రం ఎత్తు కొలవడానికి నిలువు ఏదో తెలియాలి. నిలువును చెప్పేది మేస్త్రీ గోడకు వేలాడదీసే తూకపుగుండు వంటిదే, లంబసూత్రం. భూగర్భంలో ఒక ప్రక్క బరువైన శిలలుంటే అవి ఆ గుండును తమవైపు లాగవా? అట్లా లాగితే నిలువు కొంచెం ఒరుగుతుంది. ఒక్క సెకండు ఒరిగితే అక్షాంశంలో 31 మీటర్ల తప్పు. దొడ్డగుంటలో జరిగినది ఇదేనని, ఉత్తరాన పావగడ మొదలైన చోట్ల పరిశీలనలతో పోల్చి చూచి ఆయన నిర్ణయించాడు.

ఈ ఊహ గాలిలోనుంచి పుట్టలేదు. 1774లో స్కాట్లండులో షిహాలియన్ అనే ఒంటరి కొండకు ఇరుప్రక్కలా లంబసూత్రం కట్టి, కొండ దానిని తనవైపు లాగుతున్నదని రుజువు చేసినవాడు నెవిల్ మాస్కెలీన్. లాంబ్టన్ పక్షం వహించిన మాస్కెలీనే ఆయన. ఆ ప్రయోగం నుంచి భూమి సాంద్రత కట్టాలంటే కొండ ఘనపరిమాణం తెలియాలి. ఆ లెక్క చార్లెస్ హట్టన్ అనే గణితజ్ఞునికి అప్పగించారు. అతని ముందు కొండమీది వందలాది బిందువుల ఎత్తులు కాగితంమీద చల్లినట్లు పడి ఉన్నవి. చూడగా చూడగా, సమానమైన ఎత్తులున్న బిందువులను పెన్సిలు గీతతో కలిపితే కొండ ఆకారం కండ్లకు కడుతుందని అతనికి తోచింది. నీటిలోతులకు ఇటువంటి గీతలు అంతకుముందే గీసినవారున్నారు. నేలమీది కొండకు వాటిని అన్వయించడంలో హట్టన్ పేరు ముందు చెప్పుకొంటారు. పరిగి చెరువు ఏటేటా గీస్తున్న గీతలే అవి.

కనుక లాంబ్టన్ పావగడ కొండ ఎక్కేనాటికి సమోన్నత రేఖ భావం పుట్టి ముప్పయ్యేళ్ళయింది. అయినా ఆయన కొండలకు ఆ రేఖలు గీయలేదు. గీయడం ఆయన పని కాదు. ఆయనకు శిఖరం ఒక బిందువు. మహాచాపం 1811లో గుత్తి చేరింది. అక్కడ మళ్ళీ ఒక ఆధార రేఖ కొలిచి, అంతవరకు పేరుకొన్న తప్పు ఎంతో సరిచూచుకొన్నారు. 1815లో బీదరు దగ్గర మరొకటి. 1818లో ఈ సంస్థకు మహా త్రికోణమితీయ సర్వే అని పేరుపెట్టి, జార్జి ఎవరెస్టును సహాయకుడుగా ఇచ్చారు. ఎవరెస్టుకు తెలుగునేల మొదట చవిచూపినది జ్వరాన్ని. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవి కొండలలో వానకాలపు పనిలో ఆయనా, వైద్యుడూ భూగర్భవేత్తా అయిన హెన్రీ వోయిసే కూడ, పరివారంతో సహా మంచాన పడ్డారు. లాంబ్టన్ 1823 జనవరి 20న మధ్యభారతంలోని హింగన్‌ఘాట్‌లో పనిమీద ఉండగానే మరణించాడు.

మహాచాపం హిమాలయాల పాదాలకు చేరినప్పుడు పావగడ నాటి చిక్కే పెద్దదై ఎదురయింది. కల్యాణపురానికీ కలియానాకూ మధ్య నక్షత్రాల లెక్కకు త్రిభుజాల లెక్క 5.24 సెకండ్లు తప్పింది. హిమాలయాలంత బరువు లాగితే తేడా దాదాపు 16 సెకండ్లుండాలని కలకత్తా మతాచార్యుడు జాన్ ప్రాట్ 1855లో లెక్కకట్టాడు. లాగుడు ఎందుకు తక్కువయింది? పర్వతాల క్రింద తేలికయిన పదార్థం వేరువలె లోతుగా దిగి ఉన్నదని జార్జి ఏరీ సమాధానం చెప్పాడు. పర్వతాలు తేలుతున్నవనే సిద్ధాంతానికి మూలం ఈ సెకండ్ల తగాదాయే. 15వ శిఖరమని వ్రాసుకొన్న కొండ ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించడం, 1865లో దానికి ఎవరెస్టు పేరు పెట్టడం అందరూ ఎరిగినవే.

శిఖరాల మధ్యనున్న నేల సంగతి? అది వేరొకరి పని. మైసూరు సీమను, 1809 నుంచి 1815 వరకు దత్తమండలాలను కాలిన్ మెకంజీ ఆధ్వర్యాన సర్వే చేశారు. పనిచేసినవారిలో చాలామంది 1794లో మదరాసులో నెలకొల్పిన సర్వే పాఠశాలలో నేర్చుకొన్న యువకులు. వారి ముఖ్యసాధనం మూడుకాళ్ళ బల్ల. బల్లపై కాగితం బిగించి, తెలిసిన రెండు చోట్లనుంచి ఒక గుడినో, గుండునో గురిచూచి గీతలు గీస్తే ఆ గీతలు కలిసినచోట ఆ వస్తువు పడుతుంది. పటం అక్కడికక్కడే, కొండ కండ్లెదుట ఉండగానే తయారవుతుంది.

కోణం స్థానాన్ని చెబుతుంది గాని పేరును చెప్పదు. పేరు ఊరివాళ్ళే చెప్పాలి. మెకంజీకి ఈ విషయంలో కుడిభుజమయినవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య మైసూరు సర్వేలో వెంట తిరిగి, దేశభాషలలో ప్రజలతో మాట్లాడి వివరాలు రాబట్టాడు. 1803లో చిన్నవయస్సులోనే మరణించాడు. తమ్ముడు లక్ష్మయ్య పనిని కొనసాగించాడు. కరణాలనుంచి సేకరించిన గ్రామ కైఫీయత్తులను చరిత్ర పరిశోధకులు ఈనాటికీ తిరగవేస్తున్నారు. సర్వే చరిత్ర అంటే థియొడొలైటు చరిత్రయే అనుకొనేవారు ఈ సోదరులను మరచిపోవడం న్యాయం కాదు.

లాంబ్టన్ బిందువులమీద ఇట్లాంటి బల్లపటాలను అమర్చి, నాలుగు మైళ్ళకు ఒక అంగుళం చొప్పున భారతదేశ అట్లాసును 1827 నుంచి లండనులో చెక్కి అచ్చువేశారు. చూడడానికి ముచ్చటగా ఉండేది. కాని కొండల విషయంలో అది సగం నిజమే. వాలు ఉన్నచోట వాలు దిక్కుగా సన్నని గీతలు దగ్గరదగ్గరగా గీసి నీడ కల్పించేవారు. వాలు ఎక్కువైతే గీతలు చిక్కన. స్విట్జర్లండులో జనరల్ డుఫూర్ 1845–1865 మధ్య ప్రకటించిన ఆల్ప్స్ పటాలు కూడ ఈ పద్ధతిలోనివే. చెక్కడంలో అవి అందె వేసినవి. అయితే ఎంత అందంగా ఉన్నా, నీడ గీతలు కొండ ఉన్నదని చెప్పగలవు గాని ఫలానా చోటు ఎంత ఎత్తున ఉన్నదో చెప్పలేవు. పరిగి చెరువుకు వచ్చే వంక ఏ మిట్టను చుట్టివస్తుందో, ఎంత నేలమీది వాన ఆ వంకలో పడుతుందో, కట్టను రెండడుగులు ఎత్తితే ఎవరి పొలం మునుగుతుందో ఆ పటాన్ని అడిగి లాభం లేదు. ఇంజనీరుకు, రైతుకు కావలసినది శిఖరం కాదు, వాలు.

1905 నుంచి భారత సర్వే శాఖ దేశమంతటికీ అంగుళానికి మైలు చొప్పున రంగుల పటాలు తయారుచేయడం చేపట్టింది. వాటిలో నీరు నీలం, అడవి ఆకుపచ్చ. సమోన్నత రేఖలకు గోధుమ రంగు. బల్ల పట్టుకొని కొండ ప్రతి మడతనూ తిరిగిచూచి ఆ రేఖలను గీయవలసి వచ్చింది. మెట్రిక్ కొలతలు వచ్చిన తరువాత ఇవి 50,000లో ఒక వంతు స్కేలుకు మారినవి. కిలోమీటరుకు రెండు సెంటీమీటర్లు. విమానంనుంచి ఒకే నేలను రెండు చోట్లనుంచి ఫోటో తీసి, రెండు కండ్లతో చూచినట్లు జతచేస్తే కొండ లేచి కనబడుతుంది. 2005 మే 5న పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కెమెరాలతో ఆకాశంనుంచి చేసినదీ ఇదే. రెండు చోట్లనుంచి ఒకే గుండును చూడడం! ఆధార రేఖ మాత్రం నేల విడిచి కక్ష్యలోకి పోయింది.

ఈ పటాలకూ హద్దులున్నవి. సమోన్నత రేఖలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి. చెరువుకట్ట ఎత్తు అంతకు తక్కువైతే చెరువు మొత్తం రెండు రేఖల మధ్య ఇమిడిపోవచ్చు. మునక లెక్కకు ఈనాటికీ లెవెలింగు యంత్రం పట్టుకొని చెరువు చుట్టూ నడవవలసిందే.

పాఠశాలలో ఈ పటాలున్నచోట విద్యార్థులు ఒక పని చేసి చూడవచ్చు. భారత సర్వే శాఖ పాత వరుసలో 12 నుంచి 16 డిగ్రీల అక్షాంశాలు, 76 నుంచి 80 డిగ్రీల రేఖాంశాల మధ్య నేలకు 57 అని సంఖ్య. దానిని డిగ్రీకొక్కటిగా 16 ముక్కలుచేసి అక్షరాలు, ఒక్కొక్క ముక్కను మళ్ళీ 16 చేసి అంకెలు ఇచ్చారు. రెండుసార్లూ ఎడమ పై మూలనుంచి క్రిందికి దిగుతూ లెక్కించాలి. పరిగి, హిందూపురం, మడకశిర 57 జి/5 పటంలో పడతాయి. పెనుకొండ 57 ఎఫ్/12లోను, పావగడ 57 ఎఫ్/8లోను ఉన్నవి. 77 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం వద్ద ఈ రెండు కాగితాలు అతికి, పావగడనుంచి పెనుకొండకు దారంతో గీత వేసి, అది దాటే సమోన్నత రేఖలను ఒక్కొక్కటిగా గళ్ళకాగితం మీద ఎత్తుగా గుర్తిస్తే ఈ సీమ అడ్డుకోత కనబడుతుంది. పెన్నేరు ఆ గీతను ఎక్కడ దాటుతుందో, అక్కడ నేల ఎంత పల్లమో అందులోనే దొరుకుతుంది.